ఎంటమాలజీ పీజీకి వెళ్లే సీమ విద్యార్థి: సీటు కంటే ముందు ప్రశ్న

2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లా వేరుశనగ చేలు చూస్తుండగానే మాడిపోయాయి. ముందు లేత ఆకుల మీద మచ్చలు వచ్చాయి. ఆ వెంటనే మొవ్వు ఎండింది, కాండం నల్లబడింది, చిన్న మొక్కలైతే నిలువునా చచ్చిపోయాయి. సుమారు 2,25,000 హెక్టార్లలో పంట దెబ్బతిన్నదని, నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అప్పట్లో అంచనా వేశారు. మొదట్లో దీన్ని అంతకుముందు నుంచీ ఉన్న మొవ్వుకుళ్ళు తెగులు అనుకున్నారు. లక్షణాలు దగ్గరదగ్గరగా ఉంటాయి, రెండింటికీ తామర పురుగులతో (థ్రిప్స్ అనే, రసం పీల్చే చిన్న పురుగులతో) సంబంధం ఉంది కాబట్టి అలా అనుకోవడంలో వింత లేదు. పరీక్షలు చేశాక ఇది టొబాకో స్ట్రీక్ అనే వేరే వైరస్ పని అని తేలింది. కాండం కుళ్ళు తెగులు అనే పేరు అప్పుడు వచ్చింది.

ఈ రెండు తెగుళ్ల మధ్య తేడా ఎంటమాలజీ, అంటే కీటకశాస్త్రం, చదివే విద్యార్థి బాగా అర్థం చేసుకోవాల్సిన విషయం. మొవ్వుకుళ్ళులో వైరస్ తామర పురుగు ఒంట్లోకి పోతుంది. జబ్బు మొక్క మీద పిల్ల పురుగు రసం పీల్చినప్పుడు లోపలికి చేరి, అక్కడే పెరిగి, రెక్కలొచ్చాక ఆ పురుగు ఎగిరి వెళ్లి వాలిన మొక్కకు అంటుతుంది. కాండం కుళ్ళు కథ వేరు. ఇక్కడ వైరస్ ఉండేది పుప్పొడిలో. గట్ల మీద, బీళ్లలో, రోడ్ల పక్కన విపరీతంగా పెరిగే వయ్యారిభామ మొక్కకు ఈ వైరస్ సోకినా పైకి ఏమీ కనపడదు. మొక్క పచ్చగానే ఉంటుంది, పూస్తూనే ఉంటుంది. ఆ పూలలో తిరిగే తామర పురుగుల ఒంటికి పుప్పొడి అంటుకుంటుంది. గాలికి కూడా పుప్పొడి ఎగిరొచ్చి చెనిక్కాయ ఆకుల మీద పడుతుంది. పురుగు ఆకును గీరి రసం పీల్చేటప్పుడు ఏర్పడే సన్నని గాయంలోంచి వైరస్ మొక్కలోకి దూరుతుంది.

ఇంత తెలిశాక ఇచ్చిన సలహాలు కూడా మారాయి. చేను చుట్టుపక్కల వయ్యారిభామను పూతకు రాకముందే పీకేయడం, చేను చుట్టూ జొన్న లేదా సజ్జ సాళ్లు వేసి గాలివాటున వచ్చే పురుగులకు అడ్డుకట్ట వేయడం, ఇమిడాక్లోప్రిడ్‌తో విత్తనశుద్ధి చేయడం. ఇందులో మందు ఒక భాగం మాత్రమే. మిగతాదంతా పురుగు ఎక్కడ బతుకుతుంది, ఎప్పుడు కదులుతుంది, ఏం మోసుకొస్తుంది అన్న ఎరుక నుంచి వచ్చింది.

కీటకశాస్త్రంలో పీజీ చేయాలనుకునే కర్నూలు, అనంతపురం, కడప పిల్లలు ఈ ఉదాహరణను ముందు పెట్టుకోవడం మంచిది. సాధారణంగా చర్చ అంతా ర్యాంకు ఎంత, ఏ కాలేజీలో సీటు, తర్వాత ఉద్యోగం ఏంటి అన్న దగ్గరే తిరుగుతుంది. అవన్నీ కావాల్సినవే. కానీ రెండేళ్లు ఏ ప్రశ్న పట్టుకుని గడుపుతారు అన్నదాన్ని బట్టే ఎంటమాలజిస్టు తయారవుతాడా, ఎంటమాలజీ పట్టా ఉన్న మనిషి తయారవుతాడా అన్నది తేలుతుంది.

ముందు దారి సంగతి క్లుప్తంగా. ఎంఎస్సీ అగ్రికల్చర్‌లో ఎంటమాలజీ తీసుకోవాలంటే నాలుగేళ్ల బీఎస్సీ అగ్రికల్చర్ డిగ్రీ ఉండాలి. ఈ డిగ్రీకి ఏపీ ఈఏపీసెట్ ద్వారా ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కాలేజీల్లో చేరుతారు. సీమలో తిరుపతి ఎస్.వి. వ్యవసాయ కళాశాల 1961 నుంచి ఉంది. నంద్యాల దగ్గర మహానందిలో ఇంకో కాలేజీ ఉంది. పీజీకి యూనివర్సిటీ సొంత నోటిఫికేషన్ ఒకటి, భారత వ్యవసాయ పరిశోధనా మండలి, అంటే ఐకార్, జాతీయ స్థాయిలో పెట్టే ప్రవేశ పరీక్ష ఇంకొకటి. ఆ పరీక్షలో ఎంటమాలజీ, నెమటాలజీ (నులిపురుగుల శాస్త్రం) కలిపి ఒక ప్రత్యేక గ్రూపుగా ఉంటాయి. మంచి ర్యాంకు వస్తే ఢిల్లీ, బెంగళూరు, కోయంబత్తూరు లాంటి చోట్లకు పోవచ్చు. బాపట్ల, తిరుపతి మన దగ్గరున్న పాత కేంద్రాలు.

డిగ్రీలో ఎంటమాలజీ అంటే చాలామందికి గుర్తుండేది పురుగుల పెట్టె. ఎన్నో రకాల పురుగులు పట్టి, చంపి, సూదికి గుచ్చి, పేరు రాసి ఇవ్వాలి. పరీక్షకు ముందు వారం హడావిడిగా వీధిలైటు కింద ఏరుకొచ్చిన పురుగులతో పెట్టె నింపేసి మార్కులు తెచ్చుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అలాంటి పెట్టెను ఒక్కసారి దగ్గరగా చూస్తే తేడా తెలిసిపోతుంది. పెంకు పురుగును గుచ్చాలంటే సూది కుడివైపు పెంకు రెక్కలోంచి దిగాలి, నడిమధ్యలో కాదు. మధ్యలో గుచ్చితే గుర్తింపుకు పనికొచ్చే భాగాలు పాడవుతాయి. కుడివైపు గుచ్చితే ఎడమవైపు చెక్కుచెదరకుండా మిగులుతుంది. సీతాకోకచిలుకకైతే రెక్కలు చాపి ఆరబెట్టాలి. తామర పురుగు లాంటి మెత్తటి చిన్న పురుగులను సూదికి గుచ్చడమే కుదరదు, ఆల్కహాల్‌లో వేయాలి. వీటన్నిటికన్నా ముఖ్యమైంది సూది కింద ఉండే చిన్న కాగితం ముక్క. ఎక్కడ దొరికింది, ఏ తేదీన, ఏ మొక్క మీద, ఎవరు పట్టారు అన్నది అందులో లేకపోతే పురుగు ఎంత అందంగా ఉన్నా శాస్త్రానికి అది పనికిరాదు. ఈ పని ఇష్టంగా చేసిన విద్యార్థికి పీజీలో అసలు బాధ ఉండదు. చిరాకుగా చేసినవాళ్లు ఇంకో సబ్జెక్టు చూసుకోవడం మంచిది.

పీజీలో ఏముంటుంది? ఇప్పుడున్న జాతీయ సిలబస్ ప్రకారం ఎంఎస్సీ మొత్తం 70 క్రెడిట్లు. అందులో ప్రధాన సబ్జెక్టుకు 20, మైనర్‌కు 8, సహాయక సబ్జెక్టులకు 6, ఉమ్మడి కోర్సులకు 5, సెమినార్‌కు 1. మిగిలిన 30 థీసిస్‌కే. పీహెచ్‌డీలో 100 క్రెడిట్లలో 75 పరిశోధనకు పోతాయి. అంటే క్లాసులో వినేదాని కన్నా చేలో, ల్యాబులో చేసేదానికే బరువు ఎక్కువ. క్లాసుల్లో కీటకాల బాహ్య నిర్మాణం, లోపలి అవయవాలు, వర్గీకరణ, కీటక పర్యావరణం, జీవనియంత్రణ, కీటకనాశనుల విష ప్రభావం, పురుగును తట్టుకునే పంట రకాలు, సమగ్ర సస్యరక్షణ, పంటలవారీగా పురుగులు వస్తాయి. గణాంకశాస్త్రం తప్పదు. ఆకుకు ఎన్ని పురుగులున్నాయో లెక్కపెడితే చాలాసార్లు సున్నాలు, అక్కడక్కడా వందలు వస్తాయి. అలాంటి లెక్కలను నేరుగా విశ్లేషణకు పెట్టకూడదు, వర్గమూలానికి మార్చుకోవాలి. ఇలాంటివి చివర్లో ఎవరినో అడిగి చేయించుకునేవాళ్లు వైవాలో ఇబ్బంది పడటం సహజం.

వీటిలో ఇప్పుడు బాగా చిన్నచూపుకు గురవుతున్నది వర్గీకరణ. పురుగును పేరు పట్టి గుర్తించే పనిని పాతకాలపు విద్యగా చూసే అలవాటు పెరిగింది. అది ఎంత పొరపాటో 2021లో మిర్చి రైతుల కష్టం చూపించింది. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మిర్చి పూలలో నల్లటి తామర పురుగులు గుంపులుగా కనిపించాయి. రైతులకు అంతకుముందు తెలిసిన మిర్చి తామర పురుగు పసుపు రంగుది, ఎక్కువగా లేత ఆకుల మీద ఉండి వాటిని పైకి ముడిచేది. కొత్తది పూలలో చేరింది. పూత రాలిపోయింది, కాయలు వంకరపోయాయి. ఏ పురుగో తెలియక మందు మీద మందు కొట్టి అప్పులపాలైనవాళ్లు చాలామంది. అది త్రిప్స్ పార్విస్పైనస్ అనే జాతి. 2015లోనే బెంగళూరులో బొప్పాయి మీద మన దేశంలో మొదటిసారి నమోదైంది. ఆ గుర్తింపు అప్పటికే ఉండటం వల్లే 2021లో దీన్ని వెంటనే పేరు పెట్టి పిలవగలిగారు. తామర పురుగు ఒకటి రెండు మిల్లీమీటర్ల పురుగు. దాన్ని గ్లాసు స్లైడు మీద పరిచి, మైక్రోస్కోపు కింద మీసాల్లో కణుపులు, రెక్కల మీద నూగు వరుసలు చూసి జాతి చెప్పాలి. ఈ పని చేయగలిగిన మనుషులు ఇప్పుడు తక్కువ. సీమలో మిర్చి, పత్తి, వేరుశనగ, చీనీ (బత్తాయి) అన్నిటికీ తామర పురుగుల బెడద ఉంది కాబట్టి ఇక్కడి నుంచి వెళ్లే విద్యార్థులు ఒకరిద్దరైనా ఈ విద్య నేర్చుకుంటే ఎంతో మేలు.

థీసిస్ దగ్గరకు వస్తే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎంటమాలజీ థీసిస్‌లలో చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. ఏడెనిమిది మందులు, మందు కొట్టని మడి ఒకటి, ఒక్కోదానికి మూడు నాలుగు పునరావృత్తులు. కొట్టే ముందు పురుగుల లెక్క, కొట్టిన మూడో రోజు, ఏడో రోజు, పదో రోజు లెక్క, చివర్లో దిగుబడి, ఖర్చు-ఆదాయం పట్టిక. ఇలాంటి ప్రయోగాలు అవసరం లేదని కాదు, కొత్త మందు సిఫారసు చేయాలంటే ఇవి చేయాల్సిందే. అయితే విద్యార్థి నేర్చుకునే తొలి పరిశోధన మొత్తం ఇదే అయితే పురుగు గురించి అతనికి తెలిసేది దాని శవాల లెక్క మాత్రమే. ఏ మందు బాగా పనిచేసిందన్న సమాధానం నాలుగైదేళ్లలో పాతబడుతుంది, పురుగు తట్టుకోవడం మొదలుపెడుతుంది. పత్తిలో రెండు జన్యువుల బీటీ రకం 2006లో వచ్చాక కొన్నేళ్లకే గులాబీ రంగు పురుగు దాన్నీ తట్టుకుంది. ఒక పురుగు జీవితచక్రం మీద, దాని సహజ శత్రువుల మీద, కాలాన్ని బట్టి దాని రాకపోకల మీద చేసిన పని అయితే చాలా ఏళ్లు నిలుస్తుంది.

మెట్ట ప్రాంతంలో థీసిస్ చేయడంలో ఉన్న అసలు టెన్షన్ వాన. అనంతపురంలో ఏడాదికి సగటున పడేది సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ ఎప్పుడు పడుతుందో తెలియదు. జూన్, జూలైలో విత్తనం పడకపోతే ఖరీఫ్ ప్రయోగం లేదు. రెండేళ్ల కోర్సులో మొదటి ఏడాది క్లాసులకే పోతుంది. మిగిలిన ఒక్క సీజన్ కూడా పోతే ఆరు నెలలో, ఏడాదో అదనంగా పడుతుంది. ఎర్ర గొంగళి పురుగునే తీసుకుంటే, దాని కోశస్థ దశ (ప్యూపా) నేలలో నెలల తరబడి నిద్రపోతుంది. తొలకరిలో మంచి వాన పడ్డాక రాత్రిపూట రెక్కల పురుగులు ఒక్కసారిగా బయటికొస్తాయి. ఊరంతా కలిసి అప్పుడే దీపపు ఎరలు పెడితే గుడ్లు పెట్టకముందే చాలావరకు చంపవచ్చు. నాలుగు రోజులు ఆలస్యమైతే గొంగళ్లు చేను మీద చేను తినుకుంటూ గుంపుగా పోతాయి. అప్పుడు చేసేదల్లా చేను చుట్టూ కందకం తీయడమే. దీని మీద పనిచేసే విద్యార్థికి ఏడాదికి దొరికేది ఆ కొద్ది రాత్రులే. ఆ రాత్రులు హాస్టల్‌లో ఉంటే ఏడాది పోయినట్టే. ఆకుముడత పురుగు ఇందుకు పూర్తిగా వ్యతిరేకం, వాన మొహం చాటేసిన బెట్ట రోజుల్లోనే అది రెచ్చిపోతుంది. కాబట్టి వేరుశనగ పురుగుల మీద పనిచేయాలనుకునేవాళ్లు వాన పడితే ఒక ప్రశ్న, పడకపోతే ఇంకో ప్రశ్న ముందే సిద్ధం చేసుకోవడం తెలివైన పని. గైడ్‌తో ఈ మాట మొదటి సెమిస్టర్‌లోనే మాట్లాడుకోవాలి.

గైడ్ గురించి కూడా విద్యార్థులు సీనియర్లను అడిగేది ఎక్కువగా ‘సార్ మంచివాళ్లేనా, థీసిస్ తొందరగా దిద్దుతారా’ అని. అడగాల్సింది ఇంకోటి ఉంది. ఆయన ఏ పురుగు మీద ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారు, చేలోకి ఎన్నిసార్లు వస్తారు, ఆయన దగ్గర చేసినవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారు అని. పరిశోధనా కేంద్రాలకు వెళ్లి చూడటం కూడా డిగ్రీలోనే మొదలుపెట్టవచ్చు. నంద్యాల కేంద్రం 1906 నుంచి ఉన్నది, పత్తి, శనగ, జొన్న మీద అక్కడ పెద్ద పని జరిగింది. కదిరి కేంద్రం వేరుశనగకు పేరుబడ్డది, కదిరి-6, కదిరి లేపాక్షి రకాలు అక్కడివే. అనంతపురం పక్కన రేకులకుంట, కడప దగ్గర ఊటుకూరు కేంద్రాలు మెట్ట పంటల మధ్యనే ఉన్నాయి.

బీఎస్సీ జువాలజీ చదివినవాళ్లకు ఈ తలుపు మూసే ఉంటుంది, అగ్రికల్చర్ ఎంఎస్సీలోకి వాళ్లు రాలేరు. అంతమాత్రాన పురుగుల చదువు పోయినట్టు కాదు. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ, కడప యోగి వేమన, కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయాల్లో జువాలజీ పీజీ చేసి, సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ లైఫ్ సైన్సెస్ రాసి కీటకాల మీద పీహెచ్‌డీ చేయవచ్చు. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. ఇంకో మంచి దారి చాలామందికి తెలియదు. పుదుచ్చేరిలో భారత వైద్య పరిశోధనా మండలి (ఐసీఎంఆర్) వాళ్ల వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ ఉంది. అక్కడ పబ్లిక్ హెల్త్ ఎంటమాలజీలో ఎంఎస్సీ కోర్సు ఉంది. మలేరియా, డెంగీ, ఫైలేరియా దోమల మీద పనిచేసేవాళ్ల అవసరం ప్రతి జిల్లాకూ ఉంది, చదివినవాళ్లు మాత్రం తక్కువ.

పట్టు పురుగును కూడా మరిచిపోకూడదు. పాత అనంతపురం జిల్లాలో హిందూపురం చుట్టుపక్కల మల్బరీ సాగు, పట్టుగూళ్ల వ్యాపారం ఎన్నో కుటుంబాలకు బతుకుదెరువు. హిందూపురం దగ్గర కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ ఉంది. పురుగును చంపడం కాకుండా బతికించడం, జబ్బుల నుంచి కాపాడటం చదవాలనుకునేవాళ్లకు ఇంటి పక్కనే ఉన్న అవకాశం ఇది. గుత్తి పేరు మీద ప్రపంచమంతా తెలిసిన నీలి రంగు పెద్ద సాలీడు గురించి కూడా విద్యార్థులు తరచూ అడుగుతుంటారు. 1899లో గుత్తి రైల్వే కట్టెల యార్డులో దొరికిన నమూనాతో దాన్ని వర్ణించారు, తర్వాత శతాబ్దం దాటాక 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనపడింది. ఎనిమిది కాళ్ల జీవి కాబట్టి అది కీటకం కాదు, ఎంటమాలజీ కోర్సులో దాని మీద థీసిస్ దొరకడం కష్టం. కానీ అంతరించే ప్రమాదంలో ఉన్న అలాంటి జీవిని సొంత జిల్లాలోని ఊరి పేరుతో కలిపి గుర్తుపెట్టుకుని, జువాలజీ వైపు నుంచి దాని మీద పనిచేయాలని కోరుకునే విద్యార్థి ఉంటే అతన్ని ఆపకూడదు.

డబ్బు, ఉద్యోగాల సంగతి. ఐకార్ పరీక్షలో పై ర్యాంకులు తెచ్చుకున్నవాళ్లకు ఎంఎస్సీలో నెలకు 12,640 రూపాయల స్కాలర్‌షిప్ ఉంది. మిగతావాళ్లు తక్కువ మొత్తంతోనో, ఇంటి డబ్బుతోనో నెట్టుకురావాలి. మెట్ట రైతు కుటుంబం నుంచి వచ్చిన పిల్లలకు ఆ రెండేళ్లు తేలిక కాదు. 2019లో గ్రామ సచివాలయాల్లో వ్యవసాయ సహాయకుల ఉద్యోగాలు వచ్చాక డిగ్రీతోనే ఆగిపోయినవాళ్లు చాలామంది, అది అర్థం చేసుకోదగ్గ నిర్ణయమే. పీజీ అయ్యాక ఏపీపీఎస్సీ వ్యవసాయాధికారి పోస్టులు, బ్యాంకుల్లో వ్యవసాయ అధికారి ఉద్యోగాలు, పురుగుమందుల, విత్తన కంపెనీలు ఉంటాయి. శాస్త్రవేత్తగా పోవాలంటే వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక బోర్డు అయిన ఏఎస్ఆర్‌బీ నిర్వహించే నెట్, ఏఆర్ఎస్ (వ్యవసాయ పరిశోధన సర్వీసు) పరీక్షలు రాయాలి. కంపెనీ ఉద్యోగంలో జీతం తొందరగా వస్తుంది, టార్గెట్లూ వస్తాయి. ఎంటమాలజీ చదివిన మనిషి ఊళ్లలో మందులు అమ్మించే పనిలో పడి, తాను చదివిన ఆర్థిక నష్ట పరిమితి (పురుగులు ఎన్ని దాటితేనే మందు కొట్టాలో చెప్పే లెక్క) అనే మాటనే రైతుకు చెప్పలేని స్థితికి రావడం నిజంగా బాధ కలిగించే విషయం.

ఇప్పుడు అనంతపురంలో పని ఎక్కడ మిగిలి ఉందో చూస్తే, వేరుశనగ చేల పక్కనే చీనీ, దానిమ్మ, అరటి, టమాటా తోటలు డ్రిప్ కింద పెరుగుతున్నాయి. ఒకప్పుడు ఎండాకాలం నాలుగు నెలలు ఎక్కడా పచ్చదనం లేక పురుగుల సంఖ్య పడిపోయేది. ఇప్పుడు ఏప్రిల్, మే నెలల్లో కూడా తోటల్లో లేత ఆకు, పూత దొరుకుతోంది. ఆ నెలల్లో తామర పురుగులు ఏ తోటలో ఎన్ని ఉంటున్నాయి, వాటిలో ఏ జాతులు ఎన్ని పాళ్లు, తొలకరి తర్వాత ఎన్ని రోజులకు మెట్ట చేలలోకి దిగుతున్నాయి, గట్ల మీది వయ్యారిభామ మధ్యలో ఏ పాత్ర పోషిస్తోంది అన్నవి ఒక ఎంఎస్సీ థీసిస్‌కు చక్కగా సరిపోయే ప్రశ్నలు. ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. జిగురు అట్టలు, ఆల్కహాల్ సీసాలు, మంచి మైక్రోస్కోపు, జాతులు గుర్తించడం నేర్పే మనిషి దొరికే, వ్యవసాయ కీటక వనరుల జాతీయ సంస్థ అయిన బెంగళూరు ఎన్‌బీఏఐఆర్ లాంటి చోట కొన్ని వారాల శిక్షణ, ఇంకా వారం తప్పకుండా అవే తోటలకు వెళ్లి లెక్క రాసుకునే ఓపిక ఉంటే, మొదటి వేసవిలోనే పని మొదలుపెట్టవచ్చు.